ఆకాశమునంటు కట్టడములు – అడుగున నున్న బలము

(సాలూరులో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున గావించిన ప్రసంగ పాఠము)

ఆకాశమునంటు మేడలను గూర్చి గ్రామ పంచాయతీ సభ్యులకు చెప్పవలసినదేమున్నదని మీలో కొందరికి తోచవచ్చును. మన గ్రామములలో అట్టి మేడలు లేవు. కట్టవలసిన అవసరమును లేదు. సాలూరు చుట్టుపట్ల చూపునకు ఎత్తైనవి కొండలే గాని మనుష్యులు కట్టిన కట్టడములు కావు. విజయనగరము పోయినవారు ఘంటాస్తంభమును చూచియుందురు. సింహాచలము పోయినవారు అచ్చటి గోపురమును తలయెత్తి చూచియుందురు. అయినను ఈ దినమున ఈ విషయమునే మీ యెదుట నుంచుటకు మేము నిశ్చయించుకొంటిమి. ఎందువలన ననగా, ప్రపంచమున ఎంతటి ఎత్తైన కట్టడమైనను, మన ఊరి నీటి ట్యాంకు అయినను, బడి పైకప్పు అయినను నిలుచునది ఒకే సూత్రముల మీద. కూలునదియు ఇంచుమించు ఒకే కారణముల వలన. చిన్న కట్టడములో కంటికి ఆనని ఆ సూత్రములు పెద్ద కట్టడములో స్పష్టముగ కనబడును.

2010వ సంవత్సరమున రెండు సంఘటనలు జరిగినవి. జనవరి 4వ తేదీన దుబాయి నగరమున 828 మీటర్ల ఎత్తు గల బుర్జ్ ఖలీఫా ప్రారంభింపబడినది. మనుష్యులు కట్టిన కట్టడములన్నింటిలో నేటికిని అదియే మిక్కిలి ఎత్తైనది. అదే సంవత్సరము మే నెల 26వ తేదీ రాత్రి, శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలవారు 1516లో కట్టించిన రాజగోపురము కుప్పకూలినది. ఒకటి లేచినది, ఒకటి పడినది. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో మన గ్రామములకు పనికివచ్చు సంగతులు కొన్ని తేటపడును.

దుబాయి కట్టడము

మొదట దుబాయి కట్టడమును చూతము. గల్ఫు దేశములకు పనికై పోయిన తెలుగువారు మన ఉత్తరాంధ్రమునందును కలరు. మీ బంధువులో ఇరుగుపొరుగువారో దానిని కన్నులార చూచి వచ్చియుండవచ్చును. 828 మీటర్లనగా 2,700 అడుగులకు పై మాట. ఇందు 160కి మించిన అంతస్తులు కలవు. 2004లో త్రవ్వకము మొదలై ఆరేండ్లలో పని ముగిసినది. దీని రూపకల్పన గావించినవారు అమెరికాలోని చికాగో నగరమునకు చెందిన స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ అను సంస్థవారు. రూపశిల్పి ఏడ్రియన్ స్మిత్. బలపు లెక్కలు చూచిన ఇంజనీరు విలియం బేకర్.

ఆ సంస్థలోనే వారికి ముందు తరమున పనిచేసిన ఫజలూర్ రహమాన్ ఖాన్ ఢాకాలో జన్మించినవాడు. మేడ భారమును లోపలి స్తంభముల మీదనే వేయక, వెలుపలి చుట్టును గొట్టమువలె బిగించి దానినే గాలికి ఎదురు నిలుపవచ్చునని ఆయన చూపెను. 1960, 70 దశకములలో చికాగోలో లేచిన మహాసౌధములు ఆ పద్ధతిని నిర్మింపబడినవి. వెదురు లోపల డొల్లయైనను గాలికి విరుగక నిలుచుట మీరెరుగుదురు. బలము ఎంత సామాను పోసితిమను దానిలోనే లేదు, ఎచ్చట ఉంచితిమను దానిలో నున్నదని వెదురు చెప్పుచున్నది. ఖాన్ పంతయు అదియే.

మిక్కిలి ఎత్తైన కట్టడమునకు బరువు కంటె గాలియే గొప్ప పరీక్ష. గాలి వేగము రెండింతలైనచో దాని ఒత్తిడి రెండింతలు కాదు, నాలుగింతలగును. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమున తీరము దాటిన హుద్‌హుద్ తుఫానును, 2018 అక్టోబరులో శ్రీకాకుళము సీమను ఊడ్చిన తిత్లీ తుఫానును చూచినవారికి ఈ లెక్క వేరుగ చెప్పనక్కరలేదు. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఊరేగునప్పుడు చూడుడు. పూజారి కూర్చున్న కొన అటునిటు ఊగుచుండును. కాని ఆ ఊపు భారమంతయు మ్రాను మొదట వేసిన కట్టు మీద పడును. ఎత్తైన కట్టడము నిలువున నిలిపిన సిరిమాను వంటిది. గాలి కొట్టునది పైన. బిగువు కావలసినది అడుగున.

ఇందులకై ఆ ఇంజనీర్లు చేసిన ఉపాయములు రెండు. మొదటిది కట్టడపు అడుగు రూపము. పైనుండి చూచినచో అది మూడు రేకుల పూవువలె నుండును. నడుమ ఆరు కోణములు గల గట్టి కాంక్రీటు భాగము. దానినుండి మూడు వైపులకు మూడు రెక్కలు. ఒక రెక్క మీద గాలి కొట్టినచో తక్కిన రెండును ఊతమిచ్చును. నడిమి భాగము కట్టడము మెలితిరుగకుండ పట్టి యుంచును. ఎగుడుదిగుడు నేల మీదనైనను ముక్కాలిపీట కదలక నిలుచుట మనమెరిగినదే.

రెండవది పైకి పోవుకొలది సన్నబడు విధము. ఒక్కొక్క రెక్క ఒక్కొక్క ఎత్తున వెనుకకు తగ్గుచు, మెట్లవరుస చుట్టు తిరిగినట్లు పైకి పోవును. ఇది అందమునకు మాత్రమే కాదు. గాలి ఒక కట్టడమును దాటునప్పుడు దాని వెనుక సుడులు పుట్టి దానిని అటునిటు లాగును. అడుగునుండి కొనవరకు ఒకే వెడల్పున్నచో ఆ సుడులన్నియు ఒకే తాళమున లాగి ఊపును పెంచును. ఉయ్యాలను సమయమెరిగి తట్టినచో చిన్నబిడ్డ చేతి తట్టుకును పెద్ద ఊపు వచ్చును గదా! ప్రతి అంచెకును వెడల్పు మార్చినచో సుడులకు తాళము తప్పును. చిన్న నమూనాలను గాలి సొరంగములలో ఉంచి పలుమారులు పరీక్షించిన పిమ్మటనే తుది రూపము నిర్ణయించిరి. పరీక్షల ఫలితమును బట్టి కట్టడపు ముఖము తిరిగియుండు దిక్కును సైతము మార్చిరి. అనగా, నేల మీద ఒక్క బుట్ట కాంక్రీటు పోయకమునుపే తప్పులు దిద్దుకొనిరి. కాగితము మీద దిద్దిన తప్పునకు ఖర్చు స్వల్పము. స్లాబు మీద దిద్దవలసిన తప్పునకు ఖర్చు అపారము.

కంటికి కనబడని భాగము

చూపరులు తలయెత్తి కొనను చూతురు. మీరు అడుగును చూడవలెనని మేము కోరుచున్నాము. ఆ మేడ క్రింద 192 కాంక్రీటు కంబములు నేలలోనికి దించబడినవి. ఒక్కొక్కటి ఒకటిన్నర మీటర్ల మందము, సుమారు 43 మీటర్ల పొడవు గలది. వాని తలల మీద 3.7 మీటర్ల మందముగల కాంక్రీటు పీఠము పరచిరి. మీటర్లను అడుగులలోనికి మార్చినచో ఆ కంబముల పొడవు 140 అడుగులు. శ్రీకాళహస్తి పాత గోపురమును తలక్రిందుగ దించినను ఆ లోతు నిండదు. అచ్చటి నేల గట్టి నల్లరాయి కాదు. మెత్తని ఇసుకరాతి పొరలు. నేల క్రింది నీరు మిక్కిలి ఉప్పు. ఉప్పునీరు కాంక్రీటులోని ఇనుమును తినివేయును గావున, నీరు చొరకుండ ప్రత్యేకమైన కాంక్రీటును, తుప్పును అరికట్టు విద్యుత్ ఏర్పాటును సమకూర్చిరి. నేలను నమ్మి కట్టలేదు, నేలను పరీక్షించి కట్టిరి.

మరియొక విశేషము. దుబాయి వేసవి మన వేసవి కంటెను తీవ్రమైనది. ఆ యెండలో పోసిన కాంక్రీటు లోపలినుండి వేడెక్కి బీటలు వారును. కావున వేసవిలో రాత్రివేళల మంచుగడ్డలు కలిపి కాంక్రీటు పోసిరి. మన ఊళ్లలో మే నెల మిట్టమధ్యాహ్నము స్లాబు పోసి, మూడవనాటికి తడుపుట మానివేయు మేస్త్రీలు లేకపోలేదు. అట్టివారికి ఈ సంగతి చెప్పవలయును.

ఈ కట్టడమును గూర్చి ప్రశంసలే గాక తక్కిన మాటయు చెప్పుట న్యాయము. మండుటెండలలో అక్కడ చెమటోడ్చినవారిలో అధికభాగము భారతదేశమునుండియు ఇరుగుపొరుగు దేశములనుండియు పోయిన కూలివారు. వారి వేతనములు, వసతులు చాలినంతగా లేవని ఆ కాలమున ప్రపంచ పత్రికలలో విమర్శలు వచ్చినవి. దాని కొనయందలి సుమారు 244 మీటర్ల భాగము ఎవరును నివసించుటకు పనికిరానిది. ఎత్తు కొరకు ఏర్పడిన ఎత్తు. మొదట దాని పేరు బుర్జ్ దుబాయి. 2009 చివర దుబాయి అప్పులలో చిక్కుకొనగా ప్రక్క సంస్థానమైన అబూదాబీ వెయ్యి కోట్ల డాలర్లతో ఆదుకొన్నది. ప్రారంభోత్సవమునాడు ఆ కట్టడమునకు అబూదాబీ ప్రభువు పేరు పెట్టబడినది. తాహతు మించి కట్టిన ఇంటి విషయమున ఊరివారు చెప్పుకొను మాటలు మీకు గుర్తు రావచ్చును.

శ్రీకాళహస్తి గాలిగోపురము

ఇప్పుడు మన గోపురము. రాయలవారు గజపతులపై దండెత్తి కళింగమునకు వచ్చి, 1516లో సింహాచలమున స్వామిని సేవించిరి. అచ్చటి శాసనములు ఇందుకు సాక్ష్యము. ఆ సంవత్సరముననే శ్రీకాళహస్తిలో ఈ గోపురము వెలసినది. ఏడు నిలలు, ఎత్తు 120 అడుగులకు పైబడినది. గుడి ప్రాకారమునకు కొంత ఎడముగ, వీధిమధ్యమున ఒంటరిగ నిలిచి, దూరపు యాత్రికునకు ఊరు సమీపించినదని చెప్పుచుండెడిది.

దక్షిణదేశపు గోపురముల నిర్మాణము ఒక చక్కని పద్ధతి. అడుగున అధిష్ఠానమును, మొదటి నిల గోడలును చెక్కిన రాతితో కట్టుదురు. పై నిలలను ఇటుకతోను గానుగ సున్నముతోను కట్టుదురు. బరువైనది క్రింద, తేలికైనది పైన. ప్రతి నిలయు క్రింది నిల కంటె లోనికి తగ్గును. లోపల డొల్ల, ప్రతి నిల నడుమ వాకిలి వంటి ఖాళీ. గాలియు వెలుతురును అందుగుండ చొచ్చి పోవును. మనవారు దానిని గాలిగోపురమనుట ఎంత సార్థకము! చిట్టచివర బండి గూడువలె వంగిన శిఖరము, దానిపై బేసి సంఖ్యలో కలశములు. దుబాయి ఇంజనీర్లు లెక్కయంత్రములతో సాధించిన సన్నబడుటను, మన స్థపతులు తరతరముల అనుభవముతోను తూకపు గుండుతోను సాధించిరి.

సున్నమును గూర్చి ఒక మాట. గానుగ సున్నము సిమెంటు వలె బిరుసైనది కాదు. గోడ కొంచెము కదలినను తానును కొంచెము సర్దుకొనును; తేమను లోపల బంధింపక వెలికి విడుచును. అందువలననే పాత కట్టడములు శతాబ్దములు నిలిచినవి. కాని దానికి శత్రువులు ఉన్నవి. నిలువ నీరు దానిని కరిగించును. పిట్టలు విడిచిన రావి విత్తనము, మర్రి విత్తనము సందులో మొలచి, వేరు దిగి, ఇటుకలను ప్రక్కకు నెట్టును. అడుగున నేల కదలినచో పైన బీట పడును.

ఆ గోపురము సుమారు 494 సంవత్సరములు నిలిచినది. ఎన్ని తుఫానులు, ఎన్ని వరదలు చూచినదో! కూలినది తుఫానునకు కాదు. 2010 మే నెలకు పూర్వమే దానిపై బీటలు కనబడినవి. చుట్టును వెలసిన నూతన కట్టడములవలనను, ఎలుకల వంటి జంతువులు త్రవ్విన బొరియలవలనను బీటలు ఏర్పడినవని పురావస్తు శాఖవారు పేర్కొనిరి. కట్టిననాడు ఒంటరిగ విశాలమైన నేలలో నున్నది, కాలక్రమమున కిక్కిరిసిన బజారు నడుమ చిక్కినది. ఏ ఒక్క కారణమును ఒక్క దినమున దానిని కూల్చలేదు. చిన్నవి చిన్నవిగ చేరి, చివరకు ఒక రాత్రి గోపురము నేలమట్టమైనది.

ఇచ్చట గుర్తింపవలసినది మరియొకటి. చివరి దినములలో బీట పెరుగుట గమనించి, చుట్టుపట్లనున్న జనులను అధికారులు తొలగించిరి. అందువలన ఘోరమైన ప్రాణనష్టము తప్పినది. గోపురమును కాపాడుటకు ఆలస్యమైనను, జనులను కాపాడుటకు ఆలస్యము కాలేదు. తదుపరి అదే స్థలమున 144 అడుగుల ఎత్తున ఏడు నిలల క్రొత్త గోపురము లేచి, 2017 జనవరిలో కుంభాభిషేకము జరిగినది. దీనికైన వ్యయము సుమారు 45 కోట్ల రూపాయలు. ఒక బొరియను పూడ్చుటకును ఒక మొక్కను పెరికివేయుటకును అగు ఖర్చును ఈ మొత్తముతో పోల్చి చూచుకొనుడు.

మన ఊరి ఎత్తైన కట్టడము

ఇక మన గ్రామములకు వత్తము. మీ ఊరిలో మనుష్యులు కట్టినవానిలో మిక్కిలి ఎత్తైనది ఏది? అనేక గ్రామములలో అది మంచినీటి ట్యాంకు. బుర్జ్ ఖలీఫాకు వర్తించు సూత్రమే దానికిని వర్తించును. ఇంకను చెప్పవలెనన్న, ఆ మేడలో బరువు అన్ని అంతస్తులకును పంచబడియుండును. నీటి ట్యాంకులో బరువంతయు కొననే యుండును. సిరిమాను పోలిక దీనికే ఎక్కువ తగును.

సాలూరు లారీల ఊరు. బరువు లెక్క మీకు మేము నేర్పవలసినది కాదు. పది చక్రముల లారీకి సరకుతో కలిపి చట్టము అనుమతించు మొత్తము బరువు సుమారు 28 టన్నులు. 40 వేల లీటర్ల ట్యాంకు నిండినప్పుడు నీటి బరువే 40 టన్నులు. అనగా నిండు లారీని మించిన బరువు, నాలుగైదు స్తంభముల మీద, ఊరి నడుమ, పగలును రాత్రియు నిలిచియున్నది. లారీ నడుపువాడు ఒడిశా వైపు ఘాటురోడ్డు ఎక్కకమునుపు చక్రములను తట్టి చూచును, త్రాళ్లు బిగించి చూచును, బరువు ఒక ప్రక్కకు ఒరిగినదేమో చూచును. సరకు ఇరుసుల మీదుగ, చక్రముల మీదుగ నేలకు సరిగ దిగవలెనని అతడెరుగును. ట్యాంకు విషయమున ఆ చూపు ఎవరు చూచుచున్నారు? దాని క్రింద పిల్లలు ఆడుకొందురు. నీడ పట్టున పశువులను కట్టుదురు. బిందెలతో స్త్రీలు వరుసలో నిలుతురు.

కాంక్రీటు ట్యాంకు చెడు విధమును కొంచెము వివరింతుము. కాంక్రీటులోని ఇనుప ఊచలకు కాంక్రీటే కవచము. నీరు సన్నని సందులగుండ చొచ్చి ఊచను చేరినచో తుప్పు పట్టును. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, మొదటి పరిమాణమునకు రెండింతలకు పైగా స్థలమాక్రమించి, కాంక్రీటును లోపలినుండి పగులగొట్టును. పెచ్చు ఊడును; ఊచ బయటపడును; గాలి, వాన సోకి తుప్పు మరింత వేగముగ పెరుగును. ఊచ పొడవునకు సరిగ నిలువు బీట కనబడినచో లోపల వ్యాధి ముదిరినదని గ్రహింపవలయును. దానిపై సిమెంటు పూసి రంగు వేయుట కురుపును చీరచెరగుతో కప్పుట వంటిది.

పాత బడి భవనముల సంగతియు ఇట్టిదే. స్లాబు మీద నీరు పోవు తూము ఆకులతో పూడుకొనును, నీరు నిలుచును, చెమ్మ క్రిందికి దిగును. పిల్లలు కూర్చుండు గది పైకప్పున తుప్పు మరకలు కనబడును. ఒక వానకాలమున ఆ ఆకులను తీసివేసినచో తప్పెడు ముప్పు, పది వానకాలములు విడిచినచో భవనమునే విడువవలసిన స్థితికి వచ్చును.

పంచాయతీ చేయదగిన పని

ఇది ఇంజనీర్ల పని గదా, మాకేమి తెలియునని మీరనవచ్చును. బలపు లెక్క కట్టుట ఇంజనీర్ల పనియే. కాని దినదినము చూచువారు మీరు. రాజ్యాంగమునకు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు పేర్కొనబడినవి. అందు 11వది త్రాగునీరు. 17వది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య. చిట్టచివరిది, 29వది, సామాజిక ఆస్తుల నిర్వహణ. కట్టించుట ఒకనాటి పని, నిర్వహణ నిత్యకృత్యము. జాబితాలో చివర నున్నదని దానిని చివరకు వదలివేయుట తగదు.

ఇందు ఒక ఇబ్బంది కలదని మేమెరుగుదుము. క్రొత్త కట్టడమునకు శంకుస్థాపన కలదు, రాతిపలక కలదు, పలక మీద పేర్లు కలవు. తూములోని ఆకులు తీయించిన సభ్యునకు ఏ పలకయు లేదు. బీటను సకాలమున చూపి మరమ్మతు చేయించిన సర్పంచిని ఎవరును గుర్తుంచుకొనరు. ఎందువలన ననగా ఆపద రాలేదు. రాని ఆపదకు కృతజ్ఞత చెప్పువారుండరు. అయినను గ్రామమునకు అంతకంటె గొప్ప సేవ లేదు. నిధులు వచ్చినప్పుడు ఊరి ముఖద్వారమున ఆర్చి కట్టుటయా, ట్యాంకు స్తంభములు బాగుచేయుటయా అను ప్రశ్న వచ్చినచో ఈ మాట జ్ఞప్తియందుంచుకొన గోరెదము.

చేయవలసిన పనులు కష్టమైనవి కావు. సంవత్సరమునకు రెండు మారులు, వానలకు ముందొకమారు, తుఫానుల కాలము ముగిసిన పిదప ఒకమారు, సభ్యులలో ఇద్దరు ఒక పుస్తకము చేతబట్టి ఊరి సామాజిక కట్టడములన్నింటి చుట్టును తిరుగవలయును. మొదట అడుగు చూడుడు: స్తంభముల మొదట నీరు నిలుచుచున్నదా, మురుగు కాలువ కోయుచున్నదా, ఎలుకల బొరియలున్నవా, ఎవరైనను మట్టికై గోతులు త్రవ్విరా? పిమ్మట నడుము చూడుడు: స్తంభములకును అడ్డదూలములకును బీటలున్నవా, ఊచలు బయటపడినవా, తుప్పు మరకలున్నవా? తరువాత పైన చూడుడు: నీరు కారుచున్నదా, రావి మొక్కలు మొలచినవా, నిచ్చెన గట్టిగ నున్నదా, పిడుగు కడ్డీ తీగ నేలవరకు తెగక యున్నదా?

బీట కనబడినచో భయపడనక్కరలేదు, మరువను రాదు. బీట రెండు కొనలవద్దను సన్నని గీత గీసి, ప్రక్కన తేదీ వ్రాయుడు. బీటకు అడ్డముగ చిన్న సున్నపు పట్టీ వేసి దానిపైనను తేదీ వ్రాయుడు. నెల తరువాత బీట గీతను దాటినచో, పట్టీ పగిలినచో, ఆ బీట పెరుగుచున్నదని అర్థము. కదలక యున్న బీట వేరు, పెరుగుచున్న బీట వేరు. పెరుగుచున్నదానిని గూర్చి వెంటనే నోటిమాటగ గాక వ్రాతమూలముగ పంచాయతీరాజ్ ఇంజనీర్లకు, ట్యాంకు విషయమైనచో గ్రామీణ నీటి సరఫరా ఇంజనీర్లకు తెలియజేయుడు. నకలును పంచాయతీ దస్త్రములో ఉంచుడు. గ్రామసభలో చదివి వినిపింపుడు. బడి గది విషయమైనచో ఇంజనీరు వచ్చి చూచువరకు ఆ గదిలో పిల్లలను కూర్చుండబెట్టవలదు. చెట్టు నీడన నాలుగు దినములు చదువుకొనుటవలన చదువు చెడదు. శ్రీకాళహస్తిలో జనులను తొలగించినట్లు, ముందు మనుష్యులు, పిదప కట్టడము.

క్రొత్తగా కట్టునప్పుడును మీ కన్ను అవసరము. పునాది గోతిని పూడ్చకముందే చూడుడు. పూడ్చిన పిదప ఎవరును చూడలేరు. కాంక్రీటు కలుపునప్పుడు పని సుళువగునని నీరు అధికముగ పోయనీయవలదు. అధికమైన నీరు ఆరిపోవునప్పుడు కాంక్రీటులో సన్నని రంధ్రములు మిగులును. ఆ రంధ్రములే రేపటి తుప్పునకు దారులు. ఊచలు చెక్క మీద ఆనకుండ క్రింద చిన్న దిమ్మలు పెట్టిరా లేదా చూడుడు. పోసిన తరువాత తగినన్ని దినములు తడుపుచుండవలయును. కాంక్రీటు పూర్తి బలమును 28 దినములకు లెక్కింతురు. ఏజెన్సీ గ్రామములకు కొండదారిని సిమెంటు బస్తాలు మోసి చేర్చుట ఎంత శ్రమయో మీరే ఎరుగుదురు. అంత శ్రమపడి తెచ్చిన సిమెంటు నీళ్లు చల్లుటకు మనిషి లేక పాడగుట శోచనీయము.

సోదర సోదరీమణులారా! దుబాయి మేడ ఎత్తును చూచి మనము ఆశ్చర్యపడవచ్చును. దాని కంబముల లోతును చూచి నేర్చుకొనవలయును. రాయలవారి గోపురము పడినందులకు దుఃఖింపవచ్చును. పడుటకు ముందు అది చూపిన బీటలను జ్ఞప్తియందుంచుకొనవలయును. మీరు ఈ సమావేశము ముగిసి మీ మీ గ్రామములకు పోయిన పిమ్మట, మరునాటి ఉదయమున ఒక గంట కాలము మీ ఊరి ట్యాంకు క్రిందను, బడి ప్రక్కను నిలిచి చూడుడని ప్రార్థించుచున్నాము. చూచినది పుస్తకములో వ్రాయుడు. ఆ మొదటి పుట మీద వేసిన తేదీ ఏ రాతిపలక మీది తేదీ కంటెను మీ ఊరికి ఎక్కువ మేలు చేయగలదు.